ఉడుకు బుగ్గలు – నమ్మకం, వాస్తవం



చలికాలం వచ్చిందంటే మన చాందా, బల్లార్షా, రాజురా ఇళ్లల్లో పొద్దున్నే వినిపించే మాట ఒకటుంది. "నీళ్లు కాగినయా?" అని. స్నానానికి నాలుగు చెంబుల వేడి నీళ్లు కావాలంటే కట్టెలో, గ్యాసో, కరెంటో ఖర్చు కావలసిందే. కానీ పొయ్యి లేకుండా, ఎవరూ కాచకుండా, ఏడాది పొడుగునా భూమిలోంచి వేడి నీళ్లు ఉబికి వచ్చే చోట్లు మన దేశంలో చాలా ఉన్నాయి. పుస్తకాల్లో వాటిని ఉష్ణగుండాలు అని రాస్తాం. మరాఠీలో గరమ్ పాణ్యాచే ఝరే అంటారు. మన పల్లెల్లో నీటి ఊటను బుగ్గ అంటారు కాబట్టి, నేను ఈ ప్రసంగంలో వాటిని ఉడుకు బుగ్గలు అంటాను. ఆ నీళ్లు ఎందుకు వేడెక్కుతాయి, మనకు ఏ మేరకు పనికివస్తాయి, వాటి దగ్గర మనం ఎందులో జాగ్రత్త పడాలి అన్న మూడు సంగతులు మీతో చెప్పుకుంటాను.

ముందుగా ఉత్తరాదికి పోదాం. మీలో బదరీనాథ్ యాత్ర చేసివచ్చినవాళ్లు ఉండే ఉంటారు. సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన ఉన్న క్షేత్రం అది. చలికాలంలో మంచు కప్పేస్తుంది కనుక ఆరు నెలల పాటు గుడి తలుపులు మూసి ఉంచుతారు. మే, జూన్ నెలల్లో వెళ్లినా అక్కడ పళ్లు కొరికే చలి. పక్కన పారే అలకనందలో కాలు పెడితే కొయ్యబారిపోతుంది. ఆ నదికి నాలుగు అడుగుల దూరంలో, గుడి మెట్ల కింద తప్తకుండం ఉంది. అందులో నీళ్లు పొగలు కక్కుతుంటాయి. యాత్రికులు అందులో స్నానం చేసి, ఆ తరువాతే స్వామి దర్శనానికి వెళతారు. యమునోత్రిలో అయితే ఇంకా విచిత్రం. అక్కడి సూర్యకుండంలో బియ్యాన్ని, ఆలుగడ్డల్ని గుడ్డలో మూటగట్టి ముంచితే కొద్దిసేపట్లో ఉడికిపోతాయి. దాన్నే ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు. హిమాచల్ ప్రదేశ్‌లో కులూ జిల్లా మణికర్ణ్‌లో గురుద్వారా లంగరుకు అన్నమూ పప్పూ ఆ బుగ్గ నీళ్లలోనే పెద్ద పెద్ద గిన్నెలు దింపి వండుతారు.

వీటన్నిటికంటే ఎత్తున, ఇంకా మారుమూలన ఉన్నది లడఖ్‌లోని పూగా లోయ. అది 4,400 మీటర్ల ఎత్తున ఉంది. చెట్టు కనిపించదు. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పడిపోతుంది. గొర్రెలు, మేకలు, జడలబర్రెలు మేపుకునే చాంగ్‌పా సంచారజాతి వాళ్లు తిరిగే నేల అది. అలాంటి చోట నేలలోంచి బుడబుడమంటూ మరిగే నీళ్లు వస్తాయి. చుట్టూ తెల్లగా వెలిగారం, పచ్చగా గంధకం పేరుకుని ఉంటాయి. కంసాలి వాడుకునే వెలిగారమే అది.

ఇక్కడ మా ఎనిమిదో తరగతి పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి చెప్పాలి. "సార్, పూగాలో నీళ్లు 84, 85 డిగ్రీలే ఉంటాయని పుస్తకంలో ఉంది. నీళ్లు 100 డిగ్రీలకు గదా మరిగేది?" మంచి ప్రశ్న. పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది, నీటి మీద గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీళ్లు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుంది. 4,400 మీటర్లకు లెక్కగడితే దాదాపు 15 డిగ్రీలు తగ్గింది. అంటే 85 దగ్గరే నీళ్లు తెర్లుతాయి. అందుకే కొండ మీద పప్పు ఉడకడానికి ఆలస్యమవుతుంది, కుక్కరు లేనిదే పని జరగదు.

మరి ఆ మంచుకొండల్లో నీటిని వేడి చేసేదెవరు? చాలామంది కింద అగ్నిపర్వతం ఉందని అనుకుంటారు. హిమాలయాల్లో బుగ్గల కింద నిప్పులు కక్కే అగ్నిపర్వతాలు లేవు. భూమి లోపల సహజంగానే వేడి ఉంది. భూమి పుట్టినప్పటి వేడి కొంత మిగిలి ఉంది. రాళ్లలో అతి కొద్దిగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాలు క్షీణిస్తూ ఇంకొంత వేడిని పుట్టిస్తున్నాయి. అందుచేత కిందికి పోయిన కొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు నేలల్లో కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల వరకు పెరుగుతుందని లెక్క.

ఈ మాట గనిలో పనిచేసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడ 3 కిలోమీటర్లకు మించిన లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటింది. పైనుంచి చల్లగాలి పంపిస్తే తప్ప మనిషి నిలబడలేకపోయేవాడు. మన బొగ్గు గనులు అంత లోతువి కావు గనుక మనకు అంత తెలియదు.

ఇప్పుడు వాన నీటి ప్రయాణం చూడండి. కురిసిన వానలో కొంత ఏటికి పోతుంది, కొంత మన బావుల్లోకి ఇంకుతుంది. ఎక్కడైనా రాతిలో లోతైన పగులు ఉంటే, కొంత నీరు ఆ దారి పట్టి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు కిందికి దిగిపోతుంది. అక్కడి వేడి రాతికి తగిలి తానూ వేడెక్కుతుంది. వేడెక్కిన నీరు తేలికవుతుంది. వెనక నుంచి చల్లని నీరు బరువుగా తోసుకొస్తుంటుంది. దాంతో ఆ వేడి నీరు ఇంకో పగులు పట్టుకుని పైకి ఎగదన్నుతుంది. మెల్లగా వస్తే దారిలోనే చల్లారిపోతుంది. వేగంగా వస్తే వేడితోనే బయట పడుతుంది. అదే ఉడుకు బుగ్గ. హిమాలయాల్లో మన దేశపు భూఖండం ఉత్తరాన ఆసియా భూఖండాన్ని దాదాపు 5 కోట్ల ఏళ్లుగా నెడుతూ వస్తోంది. ఆ నెట్టుడులో రాళ్లు ముడతలు పడ్డాయి, లోతుగా చీలిపోయాయి. లోపలి వేడి రాళ్లు పైకి లేచాయి. కాబట్టి అక్కడ తక్కువ లోతులోనే ఎక్కువ వేడి దొరుకుతుంది. చలి అంతా పైన గాలిలోనిది. నేల లోపలి వేడికి ఆ చలితో సంబంధం లేదు.

అయితే ఉడుకు బుగ్గ చూడాలంటే హిమాలయాల దాకా పోవాలా? అక్కర లేదు. మనకు కూతవేటు దూరంలోనే ఒకటుంది. నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఉన్కేశ్వర్. మీలో చాలామంది శివరాత్రికో, శ్రావణ మాసంలోనో వెళ్లే ఉంటారు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా కిన్వట్ మన ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకాయే. మన రాజురా కూడా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండి, 1956లో నాందేడ్‌కు, 1959లో చాందా జిల్లాకు వచ్చింది. అందుకే ఇప్పటికీ ఆ గుడి ఆవరణలో తెలుగు, మరాఠీ, గోండీ మూడు భాషలూ వినిపిస్తాయి. పేరు చూడండి. సంస్కృతంలో ఉష్ణం, మరాఠీలో ఊన్. రెండూ ఒకే మాట. కొంకణ్ ప్రాంతంలో ఉన్హవరే, ఉన్హేరే అని వేడి బుగ్గలున్న ఊళ్లు ఉన్నాయి. జళగావ్ జిల్లాలో ఉనప్‌దేవ్ ఉంది. మరాఠీ నేలలో ఊరి పేరులో ఉన్ అని వినిపిస్తే, అక్కడ వేడి నీళ్లు ఉన్నాయేమోనని ఒకసారి అడిగి చూడవచ్చు.

ఉన్కేశ్వర్‌కు ఒక స్థలపురాణం ఉంది. శరభంగ మహర్షికి చర్మరోగం వస్తే, వనవాసంలో ఉన్న శ్రీరామచంద్రుడు బాణం వేసి నేలలోంచి వేడి నీటిని రప్పించాడనీ, ఆ నీటితో ఋషి రోగం పోయిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథను మనసులో పెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పెన్‌గంగ నీరు ఎటు పోతుంది? ఘుగ్గుస్ వైపు వచ్చి వార్ధా నదిలో కలుస్తుంది. ఆ వార్ధా మన బల్లార్షా కోట గోడల కింద పారి, వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. సిరొంచా దగ్గర, కాళేశ్వరంలో గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి దిగువకు పోతే మణుగూరు, భద్రాచలం. భద్రాచలానికి దగ్గర్లో గుండాల అనే ఊరుంది. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుకలో చెలిమ తవ్వితే వేడి నీళ్లు ఊరుతాయి. చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు అక్కడ స్నానానికి వస్తారని పెద్దలు చెబుతారు. రాములవారి దర్శనానికి పోయినప్పుడు చూసి రావచ్చు. మణుగూరు దగ్గర పగిడేరులో ఇంకో విశేషం. బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి బొగ్గుకు బదులు వేడి నీళ్లు పొంగివచ్చాయి.

బొగ్గుకూ వేడి నీళ్లకూ ఏమిటి చుట్టరికం? 25, 30 కోట్ల ఏళ్ల కిందట ఈ వార్ధా, ప్రాణహిత, గోదావరి లోయ వెంట భూమి పొడుగ్గా పగిలి, మధ్యభాగం పల్లంగా కుంగింది. ఆ పల్లంలో అడవులు పెరిగి, కూలి, బురద కింద, ఇసుక కింద పడి బొగ్గయ్యాయి. మన చాందా, బల్లార్షా బొగ్గు, అటు బెల్లంపల్లి, రామగుండం, మణుగూరు, కొత్తగూడెం బొగ్గు, అంతా ఆ కాలపు పంటే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి మన తాతలు చాందా గనుల్లో పనికి వచ్చింది కూడా ఈ లోయ వెంబడే. ఆ కుంగుబాటు జరిగినప్పుడు రెండు అంచుల్లోనూ లోతైన పగుళ్లు ఏర్పడ్డాయి. ఇసుకరాయి పొరలు స్పంజిలాగా నీటిని దాచుకుంటాయి. పగులూ నీరూ లోతూ మూడూ ఒకచోట కూడితే వేడి నీరు పైకి వస్తుంది. హిమాలయాల్లో లాగా మరిగే నీరు రాదు గానీ, స్నానానికి సరిపడా, కొన్నిచోట్ల అంతకు మించీ వస్తుంది.

ఈ వేడిని మనిషి వాడుకోలేడా? వాడుకోవచ్చు. మన దేశంలో భూగర్భ సర్వే సంస్థ వారు 381 చోట్ల ఇలాంటి వేడి జాడలు గుర్తించి, వాటితో 10,600 మెగావాట్ల దాకా కరెంటు తీసే వీలుందని అంచనా కట్టారు. 1970లలోనే పూగాలో బోర్లు వేసి, ఆ వేడితో వెలిగారం శుద్ధి చేయడం, అద్దాల పందిరి కింద ఆ చలిలో కూరగాయలు పండించడం వంటి ప్రయోగాలు చేశారు. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఒక మెగావాటు కేంద్రం కోసం ఓ.ఎన్.జి.సి. సంస్థకూ, లడఖ్ పాలనా యంత్రాంగానికీ ఒప్పందం కుదిరింది. మణుగూరు ప్రాంతంలో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. అక్కడి నీరు ఆవిరయ్యేంత వేడిగా ఉండదు. కాబట్టి, తక్కువ వేడికే మరిగే ఒక ద్రవాన్ని గొట్టాల్లో మూసిపెట్టి, బుగ్గ నీటితో దాన్ని ఆవిరి చేసి, ఆ ఆవిరితో చక్రం తిప్పుతారు. చల్లారిన ద్రవం మళ్లీ అదే గొట్టంలోకి పోతుంది.

20 కిలోవాట్లు అంటే ఎంత? మన చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. దానితో పోలిస్తే లక్షా నలభై ఆరు వేలలో ఒక వంతు. చిన్నదే. కానీ దానికి బొగ్గు అక్కర లేదు, బూడిద రాదు. దుర్గాపూర్ చుట్టుపక్కల ఇళ్ల మీద బట్టలు ఆరేసుకునే ఆడవాళ్లను అడిగితే బూడిద లేకపోవడం ఎంత గొప్ప సంగతో చెబుతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఉన్కేశ్వర్‌కు వెళ్లేవాళ్లలో చాలామంది కేవలం దర్శనానికి వెళ్లరు. ఒంటి మీద గజ్జి, తామర, దురద, మచ్చ, ఏదో ఒకటి పోవాలని వెళతారు. శరభంగ మహర్షి కథే వాళ్లకు ధైర్యం. ఈ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయబోను. ఇందులో కొంత నిజం ఉంది. వేడి నీటి స్నానంతో కండరాల నొప్పి, కీళ్ల బిగువు తగ్గుతుంది. ఒళ్లు శుభ్రపడుతుంది. చాలా ఉడుకు బుగ్గల్లో గంధకం కలిసి ఉంటుంది. గజ్జికి గంధకం పూత మన పెద్దలకూ తెలుసు, డాక్టర్లూ చాలాకాలం వాడారు. కాబట్టి దురద కొంత తగ్గిందంటే ఆశ్చర్యం లేదు. అయితే గజ్జి ఒక సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. ఇంట్లో ఒకరికి స్నానం చేయిస్తే పోదు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి, బట్టలూ దుప్పట్లూ వేడి నీటిలో ఉతికి ఎండలో ఆరేయాలి. లేకపోతే పక్కవాళ్ల నుంచి మళ్లీ అంటుకుంటుంది. తామరేమో బూజు జాతిది, దాని మందు వేరు. కంటికి ఒకేలా కనిపించే రెండు మచ్చలకు రెండు వేర్వేరు మందులు. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకో మచ్చ. చర్మం రంగు కన్నా కొద్దిగా తెల్లబారినట్టో, ఎర్రబారినట్టో ఉంటుంది. దురద పెట్టదు. నొప్పి పెట్టదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆ మచ్చ మీద గిచ్చినా తెలియదు. తెలుగులో పెద్దరోగం అన్నా, మరాఠీలో మహారోగ్ అన్నా ఒకటే, కుష్ఠు. పేరు వింటేనే ఇంటివాళ్లు భయపడి దాచిపెడతారు. డాక్టరు దగ్గరికి పోతే పదిమందికీ తెలుస్తుందని, పుణ్యక్షేత్రానికి పోతే ఎవరూ అడగరని, చీకటితో బయలుదేరి ఉడుకు బుగ్గకు తీసుకుపోతారు.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. గని పని మానేసి ఇంటి పట్టున ఉండేవాడు. ఆయన అరికాళ్లు మొద్దుబారి ఏళ్లయింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఇంటివాళ్లు ఆయన్ను ఒక ఉడుకు బుగ్గకు తీసుకుపోయి, కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చోబెట్టారు. "బాగుంది, హాయిగా ఉంది" అన్నాడట. ఎంతసేపైతే అంత గుణమని చాలాసేపు ఉంచారు. ఇంటికొచ్చి రెండో రోజు చూస్తే రెండు కాళ్లకూ బొబ్బలు. అవి పుండ్లయ్యాయి. చివరికి దవాఖానకు పోతే, అప్పుడు తేలింది కుష్ఠు అని. మందుతో రోగం పోయింది. పోయిన రెండు వేళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఎందుకిలా జరిగింది? కుష్ఠు క్రిమి చర్మాన్నీ నరాలనూ పట్టుకుంటుంది. నరం దెబ్బతింటే వేడి, చలి, నొప్పి ఏదీ తెలియదు. మామూలు మనిషి ఉడుకు నీటిలో కాలు పెట్టి "అబ్బా" అని వెనక్కి తీసుకుంటాడు. నరం చచ్చిన కాలు వెనక్కి రాదు. మనం మేలు జరుగుతుందని ఏ నీటిలో ముంచుతున్నామో, ఆ నీరే ఆ కాలిని కాలుస్తుంది. చక్కెర జబ్బుతో కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకూ ఇదే ప్రమాదం.

"వేడికి క్రిమి చావదా సార్" అని కొందరు అడుగుతారు. ఒంట్లో చల్లగా ఉండే భాగాలంటేనే ఆ క్రిమికి ఇష్టం అన్నది నిజం. చెవి తమ్మెలు, ముక్కు, చేతులు, కాళ్లు, అక్కడే ఎక్కువ చేరుతుంది. కానీ అరగంట స్నానంతో పైచర్మం వెచ్చబడుతుందే గానీ, లోపల నరంలో దాగిన క్రిమి చావదు. ఒళ్లు కాలేంత వేడి పెట్టినా మనిషికే హాని.

ఈ క్రిమిని 1873లో హాన్సెన్ అనే డాక్టరు కనిపెట్టాడు. ఆయనది నార్వే, ఐరోపాకు ఉత్తరాన ఉన్న చలిదేశం. అంటే కుష్ఠు వేడి దేశాల రోగమూ కాదు, పాపఫలమూ కాదు. ఇది వంశపారంపర్యం కాదు. ముట్టుకుంటే అంటుకునేదీ కాదు. చాలాకాలం దగ్గరగా మసిలినవాళ్లలో కూడా అందరికీ రాదు. మందులు 1980ల నుంచి మన దేశంలో ఇస్తున్నారు. మచ్చలు తక్కువగా ఉంటే 6 నెలలు, ఎక్కువగా ఉంటే 12 నెలలు. సర్కారు దవాఖానలో పైసా ఖర్చు లేదు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటుకునే భయం పోతుంది. ఇంట్లోనే ఉండవచ్చు, పనికి పోవచ్చు, అందరితో కలిసి తినవచ్చు.

2005 చివరికి మన దేశంలో కుష్ఠు పదివేల మందిలో ఒకరికంటే తక్కువ స్థాయికి వచ్చింది. అది దేశం మొత్తం మీద తీసిన లెక్క. రోగం పూర్తిగా పోయిందని కాదు. మన చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో కొత్త రోగులు ఇంకా బయటపడుతూనే ఉన్నారు. ఈ రోగం గురించి దేశానికి పాఠం చెప్పినవారు మన జిల్లాలోనే ఉన్నారు. బాబా ఆమ్టే గారు 1949లో మహారోగి సేవా సమితిని పెట్టి, వరోరా దగ్గర ఆనందవన్‌ను నిర్మించారు. ఊరు వెళ్లగొట్టినవాళ్లు అక్కడ నేల దున్నారు, బట్ట నేశారు, ఇళ్లు కట్టుకున్నారు. ఆయన 2008లో కన్నుమూశారు, ఆనందవన్ నేటికీ నడుస్తోంది. ఉన్కేశ్వర్‌కు దారి వెతుక్కునే మనకు వరోరా దారి తెలియకపోవడం బాగుండదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, నేను చెప్పేది ఇంతే. ఉన్కేశ్వర్ వెళ్లవద్దని నేను అనను. తప్పకుండా వెళ్లండి. దర్శనం చేసుకోండి, పిల్లలకు భూమిలోంచి వచ్చే వేడి నీళ్లు చూపించండి. అయితే ఒంటి మీద మచ్చ ఉంటే, బుగ్గకు పోయే ముందు దవాఖానకు పొండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. పిల్లవాణ్ణి కళ్లు మూసుకోమనండి. కోడి ఈకతో గానీ, దూదితో గానీ మచ్చ మీద ఒకసారి, పక్కన మంచి చర్మం మీద ఒకసారి మెల్లగా తాకండి. ఎక్కడ తాకిందో వేలితో చూపమనండి. మంచి చర్మం మీద చూపి, మచ్చ మీద చూపలేకపోతే ఆలస్యం చేయవద్దు. చూపగలిగినా, నెలల తరబడి మానని మచ్చను డాక్టరుకు చూపించవలసిందే. ఊళ్లోని ఆశా కార్యకర్తకు చెబితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆమే దారి చూపిస్తుంది. మరాఠీ రాదని వెనుకాడకండి. మచ్చను మచ్చగా చూపడానికి భాష అక్కర లేదు. అంతగా అయితే బడికి రండి, మాలాంటి పంతుళ్లం తోడు వస్తాం.

కాళ్లు మొద్దుబారినవాళ్లు ఉడుకు నీటిలో కాళ్లు పెట్టనే వద్దు. వాళ్లకు డాక్టర్లు చెప్పే పద్ధతి వేరే ఉంది. మామూలు చల్లని నీటిలో రోజూ 20 నిమిషాలు కాళ్లు నానబెట్టాలి. గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా రుద్ది, తడి మీదే నూనె రాయాలి. రాత్రి పడుకునేముందు ఎక్కడైనా గాయం ఉందేమో కంటితో చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా బుగ్గలో దిగేముందు మోచేతితో వేడి చూసుకోండి. పసిపిల్లలకు స్నానం పోసే ముందు అమ్మ చూసే పద్ధతే అది. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కువసేపు కూర్చోవద్దు. గోరువెచ్చని నిలవ నీటిలో తల ముంచి ముక్కులోకి నీళ్లు పోనివ్వవద్దు. చాలా అరుదుగానైనా, అలాంటి నీటిలో ఉండే ఒక సూక్ష్మజీవి ముక్కు దారిన మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. పుండు ఉన్నవాళ్లు అందరూ స్నానం చేసే గుండంలో దిగకుండా, బకెట్టుతో తోడుకుని పక్కన పోసుకోవడం అందరికీ మంచిది. లోతు నుంచి వచ్చే నీటిలో ఫ్లోరైడు వంటివి ఎక్కువగా ఉండవచ్చు. తీర్థంగా ఒక గుక్క పుచ్చుకుంటే ఏమీ కాదు గానీ, డబ్బాల్లో పట్టి తెచ్చి ఇంటిల్లిపాదీ రోజూ తాగకండి.

వేసవిలో 48 డిగ్రీల ఎండను కూడా చూసిన జిల్లా మనది. వేడిని ఓర్చుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. కానీ వేడి తెలియని చర్మం ఇంట్లో ఎవరికైనా ఉందేమో, అది ఒక్కటి ఈ రాత్రి దీపం వెలుగులో చూడండి. పిల్లల వీపు, మోకాళ్లు, ముసలివాళ్ల అరికాళ్లు చూడండి. ఏమీ లేకపోతే సంతోషం. ఉంటే రేపు పొద్దున్నే దవాఖానకు పొండి. ఉన్కేశ్వర్ బుగ్గ ఎటూ పోదు, మందు మొదలయ్యాక కూడా స్వామి దర్శనమిస్తాడు.